జీర్ణోద్ధారణము – పురవీధులు



జీర్ణోద్ధారణమనగా పాతదానిని పడగొట్టుట కాదు. శిథిలమైన గర్భాలయమున పలుగు తగులక మునుపే కళాకర్షణ చేసి, స్వామి కళలను కుంభమున నిలిపి, బాలాలయములో నిత్యార్చన సాగింతుము. ఒక్కపూటయైనను స్వామి నిలువ నీడ లేక ఉండరాదు. ఈ నియమము ఆలయము చుట్టునున్న ఊరికిని వర్తించునని నా మనవి.

కాశీని చూడుడు. 1780లో అహల్యాబాయి హోల్కర్ కట్టించిన విశ్వనాథాలయము చుట్టును ఇళ్ళు కమ్ముకొని, భక్తులు ఇరుకు సందులలో బారులు తీరి నిలువవలసి వచ్చెడిది. 2019లో విశ్వనాథ ధామము పని ఆరంభించి, 300కు పైగా కట్టడములను సేకరించి తొలగించిరి. 2021 డిసెంబరు 13న ప్రారంభోత్సవము జరిగినది. నేడు గంగలో మునిగి, చెంబుతో నీరు తీసికొని, ఘాటు నుండి నేరుగా స్వామి సన్నిధికి నడచి పోవచ్చును. వృద్ధులకిది మహోపకారము, కాదనరాదు. గోడలు తీయగా ఇళ్ళ నడుమ మరుగుపడిన పాత గుడులు 40కి పైగా బయటపడినవి. వాటిలో కొన్నింటికి ఇంతకాలము దీపము పెట్టినవారు ఆ గృహస్థులే కదా! పరిహారమిచ్చిరి, నిజమే. లాహోరీ టోలా అను పేట మాత్రము లేకపోయినది. ఆ ఇరుగుపొరుగునకు బాలాలయమేది?

మన మాడవీధులను విశాలపరచుదమని కొందరు దాతలు ముందుకు వచ్చుచున్నారు. సంతోషము. మొదట ప్రతి అరుగును, గూటిలోని వేల్పును, నూతిని, రథము తిరుగు మలుపును, అచట పూలమ్ముకొనువారిని పేరు పేరున వ్రాసికొనుడు. అద్దెకున్నవారికిని ఆ వీధిలోనే చోటు చూపుడు. అటుపిమ్మట ముహూర్తము నేను పెట్టెదను.