సభామందిరంలోని గాలికి ప్రజాధనం



డెబ్బయి అయిదేండ్ల పండుగనాడు గాలిని గూర్చిన ప్రసంగమేమిటని కొందరికి విడ్డూరంగా తోచవచ్చును. అయితే పండుగ అంటేనే జనం ఒకచోట చేరడం. వందలమంది ఒకే కప్పు క్రింద మూడు నాలుగు గంటలు కూర్చున్నప్పుడు వారు పంచుకొనేది పాటలు, ప్రసంగాలు, ఫలహారాలు మాత్రమే కాదు. ఒకరు విడిచిన గాలిని మరొకరు పీల్చుకొంటారు. మంచినీరు ఎవరికి వారు ఇంటినుండి సీసాలో తెచ్చుకోగలరు. గాలిని తెచ్చుకొనేవారు లేరు. అందుచేతనే ఆ గాలి బాధ్యత ఎవరిది, దానికి అయ్యే ఖర్చు ఎవరు భరించాలి అన్న ప్రశ్నలు పుడుతున్నవి.

2020 మార్చి 10వ తేదీ సాయంత్రం అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో మౌంట్ వెర్నన్ అనే ఊరిలో ఒక బృందగాన సంఘం వారు సాధన కొరకు సమావేశమైనారు. వచ్చినవారు 61 మంది. సాధన సాగినది రెండున్నర గంటలు. వారిలో ఒకరికి జలుబు వంటి లక్షణాలున్నవి. తరువాత లెక్క చూడగా, నిర్ధారణ అయినవారు, అయినట్లు భావింపబడినవారు కలిసి 53 మందికి కోవిడ్ వచ్చినది, ఇద్దరు మరణించారు. ఇది జరిగిన పద్దెనిమిది రోజులకు, మార్చి 28న, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వ్యాధి గాలి ద్వారా వ్యాపించేది కాదని ప్రకటించినది. గాలి వెలుతురు సరిగా లేని, జనం క్రిక్కిరిసిన గదులలో గాలి ద్వారా సోకగలదని 2021లో అదే సంస్థ తన వివరణను మార్చుకొన్నది. ఆ మధ్యకాలంలో లోకమంతా చేతులు కడిగినది, బల్లలు తుడిచినది. కిటికీల వైపు చూసినవారు తక్కువ.

నిజానికి ఈ శాస్త్రం కొత్తది కాదు. జర్మనీలోని మ్యూనిక్ నగరంలో మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్ అనే శాస్త్రజ్ఞుడు 1858లోనే దీనికొక కొలమానం చూపించాడు. గదిలో కార్బన్ డయాక్సైడ్, అనగా పాత తెలుగు వాచకాలు చదివినవారికి పరిచయమైన బొగ్గుపులుసు వాయువు, వెయ్యింట ఒక పాలు దాటితే ఆ గది గాలి మనుషులు చాలాసేపు ఉండడానికి తగినది కాదని ఆయన నిర్ణయం. ఆ వాయువు ఆ మోతాదులో విషమని కాదు. మనుషులు విడిచిన గాలి ఎంత పేరుకొన్నదో అది తెలియజేస్తుంది. ఆరుబయట గాలిలో పది లక్షలకు సుమారు 420 పాళ్ళు ఉండే ఈ వాయువు, మనిషి విడిచే ఊపిరిలో 40 వేల దాకా ఉంటుంది. హాలులో అది 2 వేలకు చేరినదంటే, అక్కడివారు పీల్చే గాలిలో నూటికి నాలుగు పాళ్ళు అంతకు మునుపే ఎవరి ఊపిరితిత్తులలోనో తిరిగి వచ్చినదని అర్థం. ఎంగిలి అన్నం ముట్టనివారు ఈ ఎంగిలిని మారుమాట లేకుండా స్వీకరిస్తున్నారు.

సభామందిరపు గాలికి ప్రజాధనం వెచ్చించిన ఉదాహరణ అంతకంటె పాతది. 1834లో లండన్‌లోని పార్లమెంటు భవనం కాలిపోయినది. తాత్కాలికంగా ఏర్పడిన దిగువసభకు డేవిడ్ బాస్వెల్ రీడ్ అనే రసాయన శాస్త్రవేత్త 1836లో గాలి మార్పిడి ఏర్పాటు చేశాడు. నేలలోని సన్నని రంధ్రాల నుండి కొత్త గాలి లోనికి, పెద్ద పొగగొట్టం గుండా పాత గాలి బయటికి. 1854లో తెరచిన లివర్‌పూల్ సెయింట్ జార్జి హాలులో ఇదే పెద్దమనిషి రూపొందించిన పద్ధతి సామాన్య శ్రోతలకు కూడా దక్కినది. శాసనకర్తలకు మొదట, ప్రజలకు పిమ్మట అన్నది ఆనాటి వరుస.

ఈనాడు కూడా వరుస మారినదనలేము. అతినీలలోహిత కిరణాలతో గాలిని శుద్ధిచేసే పరికరాలను భారత పార్లమెంటు సెంట్రల్ హాలులోను, లోక్‌సభ సభామందిరంలోను అమర్చుతున్నట్లు 2021 జూలైలో ప్రభుత్వం ప్రకటించినది. ఆ పరికరాలు దేశీయ పరిశోధనాలయం రూపొందించినవి. తప్పుపట్టవలసిన పని కాదు. ఊరిలోని కల్యాణమండపానికి, పాఠశాల హాలుకు ఆ ఆలోచన దిగిరాలేదన్నదే బాధ.

ఇందుకు ప్రత్యేకంగా నిధి కేటాయించిన దేశాలలో జర్మనీని వివరంగా చూడవలసి ఉన్నది. అక్కడి లోపాలే ఎక్కువ పాఠం చెబుతాయి. 2020 అక్టోబరులో అక్కడి కేంద్ర ప్రభుత్వం ప్రజాభవనాలు, నాటకశాలలు, మ్యూజియములు మొదలగువాటిలో గాలి యంత్రాలను మెరుగుపరచుటకు 50 కోట్ల యూరోల పథకం తెచ్చినది. మొత్తం గొప్పదే. కాని ఖర్చులో నూటికి 40 పాళ్ళే ప్రభుత్వమిచ్చేది. మిగిలిన 60 దరఖాస్తుదారుది. పైగా ఆ సొమ్ము అప్పటికే గాలి యంత్రాలున్న భవనాలకే. ఆ దేశంలో బడిగదులు చాలావరకు కిటికీల మీదనే ఆధారపడినవి. కనుక ఏ యంత్రమూ లేని బడి మొదట వాకిటనే నిలిచిపోయినది. ఉన్నవానికే మరికొంత ఒనగూడిన పథకం అది. 2021లో ప్రభుత్వ వాటాను 80 పాళ్ళకు పెంచి, పన్నెండేండ్ల లోపు పిల్లలుండే సంస్థలలో కొత్త యంత్రాలకు కూడా దారి తెరచారు. కదిలించగల గాలిశుద్ధి పరికరాలకు వేరుగా 20 కోట్ల యూరోలు ప్రకటించారు.

ఆ కాలంలోనే మైంజ్ నగరంలోని మాక్స్ ప్లాంక్ రసాయన పరిశోధనాలయం వారు మరొక దారి పట్టారు. ఊపిరి వెచ్చనిది గనుక పైకి లేస్తుంది. ప్రతి బల్ల మీద గొడుగు వంటి మూకుడును వ్రేలాడదీసి, వాటన్నిటినీ గొట్టాలతో కలిపి, కిటికీలో ఒక ఫ్యాను బిగించి ఆ గాలిని బయటికి లాగివేశారు. వస్తువులన్నీ సాధారణ హార్డువేరు దుకాణంలో దొరికేవే. ఒక గదికి సుమారు 200 యూరోలు. విద్యార్థులు విడిచిన సూక్ష్మకణాలలో నూటికి 90 పాళ్ళకు పైగా తొలగినట్లు అక్కడి ఒక బడిలో జరిపిన పరీక్షలో తేలినది. బడిపిల్లలు, తల్లిదండ్రులు కలిసి బిగించుకోగల పని. దీనిని చూచి పెద్ద నిధులు అనవసరమని వాదించేవారున్నారు. అది సరికాదు. తరగతి గదికి సరిపోయినది వేయిమంది హాలుకు సరిపోదు. తల్లిదండ్రుల ఓపిక మీద ఆధారపడితే, ఓపికగల ఊరికే మంచి గాలి దొరుకుతుంది.

భారతదేశంలో గాలికి ప్రజాధనం లేకపోలేదు. 2019లో ఆరంభమైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం ఉన్నది. అయితే అది నగరాల ఆరుబయటి గాలిలోని ధూళికణాలను లెక్కించేది. తలుపులు మూసిన హాలు దాని లెక్కలోకి రాదు. హాళ్ళ నిర్మాణానికీ ధనమున్నది. ఏటా 5 కోట్ల రూపాయలుగా ఉండే పార్లమెంటు సభ్యుల స్థానికాభివృద్ధి నిధుల నుండి సముదాయ భవనాలెన్నో లేచినవి. గోడ, కప్పు, వేదిక, పాలరాయి, దాతల పేర్ల ఫలకం - అన్నీ అంచనాలో ఉంటాయి. గంటకు ఎంత కొత్త గాలి లోనికి రావాలన్న పద్దు మాత్రం కనబడడం అరుదు. గాలి మీద శిలాఫలకం బిగించడానికి వీలులేదు కదా!

మరొక సంగతి. పాత హాళ్ళు కట్టినవారికి ఈ విద్య తెలియకపోలేదు. ఎత్తయిన కప్పు, గోడ పైభాగాన వరుసగా వెంటిలేటర్లు, ఎదురెదురు తలుపులు - ఇవన్నీ ఉక్కపోతను ఎరిగినవారి నిర్మాణం. తరువాత ఎవరో ఉదారంగా ఏ.సి.లు బహూకరిస్తారు. చల్లదనం పోకూడదని వెంటిలేటర్లకు ప్లైవుడ్ బిగిస్తారు. కప్పు క్రింద మరొక కప్పు వేస్తారు. గోడకు తగిలించే స్ప్లిట్ ఏ.సి. బయటి గాలిని లోనికి తేదు. లోని గాలినే త్రిప్పి త్రిప్పి చల్లబరుస్తుంది. దానికి తోడు అగరువత్తులు, కర్పూరం, గుమ్మం ప్రక్కనే డీజిలు జనరేటరు. చల్లగా ఉన్నది గనుక బాగున్నదని సభ్యులు భావిస్తారు. సాయంత్రానికి తలనొప్పి వస్తే ఉపన్యాసాల మీద నెపం వేస్తారు.

తలుపులు తెరిస్తే చాలదా అంటే, బయటి గాలి మంచిదైన చోట చాలావరకు చాలును. రహదారి ప్రక్కన, పొగగొట్టాల నడుమ ఉన్న హాలుకు వడపోత కూడా కావాలి. అదిగో, అక్కడ ధనం అవసరమవుతుంది. ఒకసారి ఇచ్చి ఊరుకొనే ధనం కాదది. అమెరికాలో 2021 నాటి చట్టం ద్వారా పాఠశాలలకు 12,200 కోట్ల డాలర్లు లభించినవి. గాలి మార్పిడికి కూడా వాటిని వాడుకోవచ్చునన్నారు. ఆ నిధుల ఖర్చుకు ఒప్పందాలు ముగించవలసిన గడువు 2024 సెప్టెంబరు 30తో తీరినది. యంత్రానికి గడువు తీరినా వడపోత పొరలను మార్చుట తప్పదు, విద్యుత్తు బిల్లు ఆగదు. యంత్రం కొనుగోలుకు మంజూరుచేసి, నిర్వహణకు మంజూరు చేయని పద్ధతిలో ఎన్ని నీటిశుద్ధి యంత్రాలు మూలపడినవో పాఠశాలల సిబ్బందికి వేరుగా చెప్పనక్కరలేదు.

ప్రజాధనం కోరేవారు ముందు కొలతలు చూపవలసి ఉంటుంది. బెల్జియం 2022 నవంబరులో చేసిన చట్టం, ప్రజలు ప్రవేశించే మూసిన స్థలాలలో కార్బన్ డయాక్సైడ్ కొలిచే పరికరానికి చోటు కల్పించినది. అమెరికాలోని బోస్టన్ నగర పాఠశాలలు 4 వేలకు పైగా గదులలో ఇటువంటి పరికరాలు పెట్టి, ఆ అంకెలను తల్లిదండ్రులు చూచుకొనేలా బహిరంగంగా ఉంచినవి.

ఈ పరికరం కొన్ని వేల రూపాయలకు దొరుకుతుంది. పరారుణ కిరణాలతో కొలిచే రకాన్నే కొనాలి. అంతకంటె చవుకగా అమ్మేవాటిలో కొన్ని ఆ వాయువును కొలవనే కొలవవు. వార్షికోత్సవం నాడు హాలు ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, సగం నిండినప్పుడు ఒకసారి, బహుమతి ప్రదానం వేళ ఒకసారి అంకె వ్రాసుకోవాలి. మరునాడు వెంటిలేటర్ల ప్లైవుడ్ తీసివేసి, అంతమందితో మరొక సభ జరిగినప్పుడు మళ్ళీ వ్రాసుకోవాలి. పై తరగతి విద్యార్థులు చేయగల పని అది. ప్లైవుడ్ తీసిన పిమ్మట కూడా అంకె దిగకపోతే, ఆ రెండు పట్టికలను జిల్లా కలెక్టరుకో, పార్లమెంటు సభ్యునికో పంపే అర్జీకి జతచేయవచ్చును. అర్జీలో యంత్రం ధరతోపాటు అయిదేండ్ల నిర్వహణ ఖర్చును కూడా మొదటి పుటలోనే వ్రాయవలెను.