నిలదీయడం వేరు, నిందించడం వేరు
 

1957 డిసెంబరులో ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో లేచి నిలబడ్డారు. వ్యాపారి హరిదాస్ ముంద్రాకు చెందిన ఆరు కంపెనీల్లో ఎల్‌ఐసీ సొమ్ము సుమారు 1.25 కోట్ల రూపాయలు ఎందుకు పెట్టారో చెప్పమన్నారు. పెట్టుబడుల కమిటీని ఎందుకు అడగలేదన్నారు. ఆయన పాలక పక్ష సభ్యుడు, పైగా ప్రధానికి అల్లుడు. అయినా మొహమాటపడలేదు. ఆ వ్యవహారంపై జస్టిస్ ఎం.సి. చాగ్లా జనం ముందే విచారణ జరిపి, త్వరగానే నివేదిక ఇచ్చారు. మంత్రి డబ్బు తిన్నారని ఆయన అనలేదు. శాఖలో జరిగినదానికి మంత్రే పూచీ అన్నారు. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు.

ఇక రెండో కథ. 1994 నవంబరు 30న ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌ను గూఢచారి అంటూ కేరళ పోలీసులు అరెస్టు చేశారు. రుజువు కోసం ఆగకుండానే పత్రికలు కథలల్లాయి. ఆ ఆరోపణలకు ఆధారం లేదని 1996లో సీబీఐ తేల్చింది. 50 లక్షల రూపాయల పరిహారం ఇమ్మని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2018 వచ్చింది. నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఇక్కడ నిప్పు లేదు, ఒక మనిషి నడివయసు మాత్రం కాలిపోయింది.

రెండుచోట్లా వేలెత్తి చూపడమే జరిగింది. మొదటిచోట చేతిలో లెక్కలున్నాయి, జవాబు చెప్పుకునే అవకాశం ఉంది. రెండోచోట ఆ రెండూ లేవు.

ఈ తేడా చెరిగిపోతే లాభపడేది లంచగొండే. "అందరూ దొంగలే" అన్న మాట అతనికి ఎంతో హాయి. ఆ గుంపులో అతను కలిసిపోతాడు. నిజాయితీగా బతికినవాడికి మాత్రం తలదాచుకునే చోటు ఉండదు. తన మీద సాక్ష్యం బయటపడ్డ రోజున కూడా ఆ లంచగొండి "ఇదంతా బురద చల్లడమే" అని తప్పించుకోగలడు. అబద్ధపు నింద ఎక్కువైన కొద్దీ నిజమైన ఆరోపణకు విలువ తగ్గుతుంది.

అలాగని పరువునష్టం దావాకు భయపడి నోరు కట్టుకోమని చెప్పడం లేదు. ప్రజాహితం కోసం చెప్పిన నిజాన్ని మన చట్టం పరువునష్టంగా లెక్కించదు. అడగడానికి 2005 నాటి సమాచార హక్కు చట్టం మీ చేతిలో ఉంది.

పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు రేపు ఫైళ్ల మీద సంతకాలు పెడతారు. ఆ నిర్ణయానికి కారణం ఏమిటో అదే ఫైలులో రాయండి. ఎవరైనా అడిగితే చూపించుకోగలగాలి. ఫోన్‌కు వచ్చిన నిందను ఇంకొకరికి పంపే ముందు ఆధారం ఏదని అడగండి. ఆధారం దొరికిందా, ఎదుట ఉన్నది మీ పార్టీవాడైనా, మీ కులంవాడైనా, మీ మామగారి ప్రభుత్వమే అయినా నిలదీయండి.