బాణీ కట్టినవారూ కర్తలే

బద్వేలు సాహిత్య సభలో పియానో మాట ఎత్తడం వింతగా తోచవచ్చు. కానీ సృజనకు ప్రేరణ ఎక్కడిది అన్న ప్రశ్నను పియానో కచేరీ అడిగినంత సూటిగా మరొకటి అడగదు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో పియానో విద్వాంసులు సాధారణంగా వాయించేది వేరొకరి రచన. స్వరాలన్నీ కాగితం మీదే ఉంటాయి. మన కచేరీలో రాగాలాపనకూ నెరవుకూ కల్పనస్వరానికీ ఉన్న చోటు అక్కడ లేదు. అటువంటప్పుడు వాయించేవారు సృష్టించేది ఏమిటి? జర్మన్ స్వరకర్త బాఖ్ 1741లో ప్రచురించిన గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్‌ను కెనడా విద్వాంసుడు గ్లెన్ గూల్డ్ 1955లో రికార్డు చేస్తే దాదాపు 38 నిమిషాలు వచ్చింది. 1981లో తిరిగి వాయిస్తే 51 నిమిషాలు వచ్చింది. రెండోసారి కొన్ని భాగాలను రెండేసి సార్లు వాయించిన మాట నిజమే. అయితే మొదట వచ్చే ఆరియా ఒక్కదాన్నే తీసుకుందాం. మొదటి రికార్డులో రెండు నిమిషాలైనా లేనిది రెండోదాంట్లో మూడు దాటింది. స్వరాలు అవే, వేళ్లూ అవే. మధ్యలో గడిచిన పాతికేళ్ల పైచిలుకు ఆలోచన ఆ సంగీతాన్ని మార్చింది. చేతికి అందిన రచనతో ఏళ్ల తరబడి చేసే సహవాసమే ప్రేరణకు మూలమని నా వాదం. దానికి సాక్ష్యం మన సీమలోనే పుష్కలంగా ఉంది.

రాజంపేట దగ్గరి తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య సంకీర్తనలు తిరుమల సంకీర్తన భాండారంలోని రాగిరేకుల మీద మనకు దక్కాయి. ప్రతి పాటకూ రాగం పేరు ఉంది: సామంతం, దేశాక్షి, బౌళి, పాడి. స్వరలిపి మాత్రం లేదు. అంటే పియానో విద్వాంసులకు ఉన్నపాటి ఆధారమైనా మనవాళ్లకు లేదు. వేటూరి ప్రభాకరశాస్త్రి గారి తరువాత ఆ రేకుల్లోని పాటలను పరిష్కరించే పని అందుకున్న రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు అనంతపురం సీమవారు. మైసూరు మహారాజా కళాశాలలో దశాబ్దాలు తెలుగు చెప్పారు, ప్రాకృత గాథాసప్తశతిని తెలుగు చేశారు, సంగీతంలోనూ అంతే లోతుగా మునిగారు. ఆయన నూటికి పైగా కీర్తనలకు స్వరరచన చేశారు. పదం విరుపు తెలిసిన సాహితీవేత్త, రాగం నడక తెలిసిన గాయకుడు ఒకే మనిషిలో ఉండబట్టే ఆ బాణీల్లో మాట నలగదు. ఆ ప్రేరణ ఒక రాత్రి కలలో వచ్చింది కాదు. ప్రాకృతం, సంస్కృతం, తెలుగు ఛందస్సు, కర్ణాటక సంగీతం అన్నీ ఒకచోట నిలవ ఉన్నందువల్ల వచ్చింది.

దీనికి పెద్ద ఆక్షేపణే ఉంది. అన్నమయ్య పదహారో ఏట స్వామి సాక్షాత్కారం పొందాడని, ఆ అనుగ్రహంతోనే పాట పొంగిందని సంప్రదాయం. పుట్టపర్తి నారాయణాచార్యుల వారు ప్రొద్దుటూరు అగస్త్యేశ్వరాలయంలో రాసిన శివతాండవాన్నీ ఆవేశ కావ్యమనే అంటాం. ఆ అనుభవాలను నేను తక్కువ చేయను. కానీ రాగిరేకులే అన్నమయ్య 1424 నుంచి 1503లో పరమపదించేదాకా పాటలు కట్టాడని చెబుతున్నాయి. సంప్రదాయం చెప్పే 32 వేల లెక్కనే నమ్మితే ఏటా నాలుగు వందల పైమాట. ఆ మహానుభావుడే సంకీర్తన లక్షణాన్ని సంస్కృతంలో శాస్త్రంగా రాశాడు. మనుమడు దాన్ని తెలుగు చేశాడు. పొంగివచ్చిన పాటకు కట్టుబాటు అడ్డమైతే ఆ శాస్త్రం రాయవలసిన పనేమిటి? పుట్టపర్తి వారు చిన్ననాడే పెనుకొండలో సంగీతమూ నాట్యమూ అభ్యసించారు. శివతాండవంలోని గతులు ఆ అభ్యాసం లేని కలానికి అందవు. పాటకే కాదు, చెరువుకూ ఇదే వర్తిస్తుంది. మన పక్కనున్న పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలనూ తగలగూడని ఆరు దోషాలనూ అది వివరిస్తుంది. వాన దైవాధీనమని తెలిసినవాళ్లే కట్ట గురించి, నేల గట్టిదనం గురించి అంత పట్టుదలగా ఆలోచించారు. అనుగ్రహాన్ని నమ్మేవారికి అభ్యాసం మరింత అవసరమన్నది ఈ కరువుసీమ ఎరిగిన సంగతే.

రెండో ఆక్షేపణ పండితులది. అన్నమయ్య పాడిన వరుస పోయింది గనుక ఇప్పటి బాణీలు కల్పితాలు, వాటికి ప్రామాణికత లేదు అంటారు. పోయిన మాట వాస్తవం. అయితే పాట పాడకుండా రేకు మీదే ఉంచితే దక్కే ప్రామాణికత ఏపాటిది? నేదునూరి కృష్ణమూర్తి గారు "నానాటి బతుకు"ను రేవతిలో కట్టారు. రేకు చెప్పిన రాగం అది కాదు. నా మట్టుకు ఇది అపచారంగా కనబడదు, ఎందుకంటే ఆ రాగం ఆ సాహిత్యంలోని వైరాగ్యాన్ని వినేవారి చెవికి చేర్చింది. అలాగని ఎవరికి తోచిన వరుస వాళ్లు కట్టవచ్చని నేననను. మాటను విరగ్గొట్టి, అర్థాన్ని తాళానికి బలిపెట్టే బాణీలు ఇవాళ తక్కువేమీ కావు. మూలంతో సహవాసం చేసినవారి స్వేచ్ఛ వేరు, చేయనివారి స్వేచ్ఛ వేరు. ఆ తేడా రెండు చరణాలు వింటే చాలు, తెలిసిపోతుంది.

ఈ వాదం సరైనదైతే మన సాహిత్య చరిత్రలు ఒక బాకీ పడ్డాయి. కచేరీలో రచన అన్నమయ్యది అని ప్రకటిస్తారు; బాణీ రాళ్లపల్లి వారిదో, నేదునూరి వారిదో, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారిదో చాలాచోట్ల చెప్పనే చెప్పరు. మన పల్లెల్లో చెక్కభజన గురువుల సంగతి ఇంకా అన్యాయం. పాత పాటకు కొత్త అడుగు, కొత్త దరువు చేర్చినవారి పేరు వాళ్ల శిష్యులకు తప్ప ఎవరికీ తెలియదు. ఈ సభకు వచ్చిన పరిశోధకులను నేను కోరేది ఇదే. బద్వేలు, పోరుమామిళ్ల ప్రాంతాల్లో ఏ పాటకు ఎవరు వరుస కట్టారో, ఏ దరువు ఎవరు కల్పించారో ఆ గురువులుండగానే అడిగి, పాడించి, రికార్డు చేయండి. అచ్చువేసేటప్పుడు పాట రాసినవారి పేరు పక్కనే, అదే అక్షరాల సైజులో, వాళ్ల పేరూ వేయండి.