నొప్పి పోయేదాకా ఆగాలా, ఫిజియోథెరపీకి వెళ్ళాలా?
(పట్టు రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పురుగు మేత మాని తల ఎత్తి కదలకుండా ఉంటే జ్వరానికి కూర్చుందని మీకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఒంటి రంగు కాస్త మారినా ఆ పూటే కనిపెడతారు. మన ఒంటి సంగతికి వచ్చేసరికి మాత్రం "ఈ పంట అయిపోనీ, చూద్దాం" అంటాం. ఏ నొప్పి దానంతటది పోతుంది, దేనికి ఫిజియోథెరపీ కావాలి, దేనికి ఆ రోజే పెద్దాసుపత్రికి పరుగెత్తాలి అన్నది ఈనాడు మాట్లాడుకుందాం.

100 గుడ్లు మేపడానికి సుమారు ఒక టన్ను ఆకు కావాలి. అందులో నూటికి 80 పాళ్ళకు పైగా నాలుగో జ్వరం దిగిన తర్వాత వారం రోజుల్లోనే ఖర్చవుతుంది. కోత, మోత, స్టాండులో కింది అరకు వంగి మేత వేయడం అన్నీ ఆ వారంలోనే మీద పడతాయి. వెంటనే పండిన పురుగులను ఏరి చంద్రికల మీద వేసే పని. అది ఎక్కువగా ఆడవాళ్ళు గంటల తరబడి గొంతుక్కూర్చుని చేస్తారు. నడుము, మోకాళ్ళు, భుజాలు పట్టేయడంలో వింత ఏముంది?

ఇలా పట్టేసిన నొప్పి చాలామందికి పని తగ్గాక కొద్ది రోజుల్లో పోతుంది. దానికి భయపడి మంచం ఎక్కవద్దు. రోజుల తరబడి పడుకుంటే నడుము ఇంకా బిగుసుకుంటుంది. మెల్లగా తిరుగుతూ, చేయగలిగిన పని చేసుకుంటూ ఉండడమే మేలు.

మరి ఎప్పుడు వెళ్ళాలి? నా లెక్క ఒకటి చెబుతాను. గూళ్ళు మార్కెట్టుకు పోయాక, మళ్ళీ చాకీ పురుగులు ఇంటికి వచ్చేదాకా కొంత వ్యవధి దొరుకుతుంది కదా. పోయిన పంటలో వచ్చిన నొప్పి ఆ వ్యవధిలో పోకుండా కొత్త పంటలోకి వచ్చిందంటే ఇక ఆగవద్దు. ప్రతి పంటకూ అదే చోట తిరగబెడుతున్నా ఆగవద్దు. మాత్ర వేసుకుంటే తప్ప మేత వేయలేని స్థితి వచ్చినా అంతే. అంగట్లో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్రలు నెలల తరబడి మింగితే కడుపులో పుండు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు.

రాత్రి నిద్రలో బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి, చెయ్యి విదిలిస్తే గాని పోవడం లేదా? మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటున్నదని అనుమానించాలి. రోజూ కొడవలి, కత్తెర పట్టే చేతికి ఇది రావచ్చు. చేతిలో వస్తువులు జారిపోయేదాకా ఉంచితే బొటనవేలి కింది కండ కరిగిపోతుంది. చెయ్యి ఎత్తి జడ వేసుకోలేకపోతే, వీపు వెనక్కు చెయ్యి పోకపోతే భుజం బిగుసుకుంటున్నట్లు. చక్కెర జబ్బు ఉన్నవారికి ఇది ఎక్కువ, కనుక ఆ పరీక్ష కూడా చేయించుకోండి.

ఎముక విరిగితే మన వైపు కొందరు పుత్తూరు కట్టుకు పోతారు, కొందరు ఆసుపత్రిలో పిండికట్టు వేయించుకుంటారు. ఎక్కడ కట్టించుకున్నా, కట్టు విప్పాక కీలు వంగకపోతే "పోనుపోను అదే వస్తుంది" అని కూర్చోవద్దు. మొదటి వారాల్లో వ్యాయామం చేసినవారికి వచ్చే వంపు, ఏడాది తర్వాత ఎంత కష్టపడినా రాకపోవచ్చు.

ఇక కొన్నింటికి ఫిజియోథెరపీ కోసం చూడనే వద్దు. నడుము నొప్పితో పాటు మూత్రం బిగబట్టినా, తెలియకుండా పోతున్నా, మలం పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, పాదం పైకి లేవక చెప్పు జారిపోతున్నా, ఆ రోజే పెద్దాసుపత్రికి పొండి. వెన్నులో నరాలు నలుగుతున్నాయన్నమాట. ఆలస్యమైతే పోయిన పట్టు తిరిగి రాదు. పురుగులు ఆకలి మీదున్నాయని చూడకండి, ఆ పూట మేత పక్కింటివాళ్ళయినా వేస్తారు. కిందపడ్డాక వచ్చిన నొప్పికి, సాయంత్రం జ్వరం వస్తూ ఒళ్ళు తగ్గిపోతున్న నడుము నొప్పికి ముందు డాక్టరును చూడాలి. వెన్నెముకకు పట్టే క్షయ కూడా ఇలాగే మొదలవుతుంది.

ఫిజియోథెరపీ అంటే కరెంటు పెట్టించుకోవడమే అని చాలామంది అనుకుంటారు. యంత్రం కాసేపు ఉపశమనం ఇస్తుంది. అసలు పని మీరు ఇంట్లో రోజూ చేసే వ్యాయామంతోనే జరుగుతుంది. మోకాలి నొప్పికి తొడ కండరాన్ని బలపరచడమే ముఖ్యం. రెండు రోజులు చేసి గుణం లేదని మానవద్దు, కొన్ని వారాలు పడుతుంది. ఆకు ఎలా కోస్తారో, మోపు ఎలా ఎత్తుతారో వారి ముందు చేసి చూపించండి. ఊరికే "నడుము నొప్పి" అంటే వారికి సగమే తెలుస్తుంది. వ్యాయామాల కాగితం కన్నడంలోనో తమిళంలోనో ఇస్తారు. చదవడం రాకపోతే మొహమాటపడకుండా అక్కడే చేసి, సరిగా ఉందా అని అడగండి.

జిల్లా ఆసుపత్రిలో ఫిజియోథెరపీ ఏ రోజుల్లో ఉంటుందో మీ ఊరి ఆశా కార్యకర్తను గాని, నర్సమ్మను గాని అడగండి. తమిళనాడులో ఇంటికే వచ్చి వైద్యం చేసే 'మక్కళై తేడి మరుత్తువం' పథకం 2021 ఆగస్టు 5న మన కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే మొదలైంది. కదలలేని వారికి ఇంటి వద్ద ఫిజియోథెరపీ చేయడం కూడా ఆ పథకంలో చేర్చారు. ఇంట్లో పక్షవాతంతో మంచాన ఉన్న పెద్దలు ఉంటే వారి పేరు కూడా నర్సమ్మకు చెప్పి రాయించండి. వెళ్ళేటప్పుడు పాత ఎక్స్‌రేలు, వాడుతున్న మాత్రల చీటీలు తీసుకుపొండి.