సొంత కారు – కిరాయి ప్రయాణం



మా వట్లూరులో మాఘమాసం వచ్చిందంటే కారున్న ఇంటికి కబుర్లు మొదలవుతాయి. "వదినగారూ, ద్వారకా తిరుమలలో మావాళ్ల పెళ్లి. మీ కారు పంపిస్తారా? పెట్రోలు పోయించుకుని, పైన వెయ్యి రూపాయలు ఇచ్చుకుంటాం" అంటారు. ఊరికే వాకిట్లో నిలబడి ఉన్న బండే కదా, ఆ వెయ్యితో పాలబాకీ తీరుతుందని మనకీ అనిపిస్తుంది.

మా వీధిలో ఒకావిడ అలాగే పంపించారు. భీమడోలు దాటాక కారు చెట్టుకు గుద్దుకుంది. దేవుడి దయవల్ల మనుషులకు చిన్న దెబ్బలే గాని, బండి ముందుభాగం నుజ్జయిపోయింది. "ఇన్సూరెన్సు ఉందిగా" అని ఆవిడ ధైర్యంగానే ఉన్నారు. కంపెనీ తరఫు మనిషి వచ్చి, కారులో వెళ్లినవాళ్లను "ఎంతిచ్చారమ్మా?" అని అడిగాడు. వాళ్లు ఉన్నమాట చెప్పారు. క్లెయిము తిరిగొచ్చేసింది. అమ్మాయి చదువుకని దాచిన డబ్బు కాస్తా మరమ్మతుకు పోయింది.

ఆవిడ ఏటేటా ప్రీమియం కట్టారేగాని, పాలసీ కాగితం చదవలేదు. కారు దేనికి వాడవచ్చో, దేనికి కూడదో అందులోనే ఉంటుంది. సొంత కారు పాలసీ కిరాయికి తిప్పినా, సరుకు మోసినా వర్తించదు. మన సామాను, వ్యాపారం తాలూకు శాంపిళ్లు తీసుకెళ్లవచ్చు. ఇంట్లో చీరల వ్యాపారం చేసే చెల్లెళ్లు నాలుగు చీరలు మచ్చుకు చూపించడానికి పట్టుకెళ్తే ఫర్వాలేదు. అమ్మకానికి మూటలకు మూటలు కారులో వేసి తాడేపల్లిగూడెం పంపితేనే చిక్కు. చుట్టాలను డబ్బు తీసుకోకుండా దింపిరావడంలో తప్పేమీ లేదు.

క్లెయిము కాదన్నారని నీరుగారిపోనక్కర్లేదు. వినియోగదారుల కమిషనుకు వెళ్లవచ్చు. ఇలాంటి ఒక కేసులో 2010లో సుప్రీంకోర్టు, మొత్తం తోసిపుచ్చడం సరికాదని చెప్పి రెండున్నర లక్షలు ఇప్పించింది. కానీ అంతవరకూ తిరిగే ఓపిక ఎందరికుంటుంది? పైగా దారినపోయే మనిషికి దెబ్బ తగిలితే, కంపెనీ అతనికి పరిహారం ఇచ్చి, ఆ సొమ్ము మన దగ్గర రాబట్టుకోమని కోర్టు చెప్పవచ్చు. అప్పుడు ఇల్లూ పొలమూ ఏమవుతాయి?

కారుతో నాలుగు రాళ్లు సంపాదించాలనుకుంటే అది చక్కని ఆలోచనే. దానికి పసుపు నంబరు ప్లేటు, రవాణాశాఖ పర్మిట్, టాక్సీ పాలసీ తీసుకోవాలి. ప్రీమియం ఎక్కువే. అయితే పర్మిట్ లేకుండా తిప్పితే, 2019లో సవరించిన చట్టం ప్రకారం మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, జైలు కూడా ఉండవచ్చు.

కందిపప్పు కొన్నా రాళ్లున్నాయేమోనని చాటలో పోసి చూసుకునేవాళ్లం. ఈ సాయంత్రం బీరువాలోని ఆ కాగితం తీసి, మీ వారితో కలిసి ఒక్కసారి చదవండి. అర్థంకానిది ఏజెంటును అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.