పాత ఆయిల్ ఇంజనుకు డీజిల్ అందనప్పుడు
(ధర్మపురిలో మన సంఘ సభ్యుల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



హొగేనకల్‌లో కావేరిని దాటించు పుట్టికి తెడ్డే ఆధారము. పడవ ఇంజనును గూర్చి ఈ ఊర మాట్లాడుట హాస్యాస్పదమే. అయినను చిన్న పడవలను నడిపిన ఒంటి సిలిండరు డీజిల్ యంత్రమునకు దగ్గరి చుట్టము మన బావిగట్టుననే యున్నది. ఇంగ్లండులో లిస్టరు కంపెనీవారి నమూనాను చూచి రాజ్‌కోట్‌లో చేయుచు వచ్చిన ఆరు అశ్వశక్తి ఇంజను అది. నిమిషమునకు 650 చుట్లు తిరుగును. మాలో పలువురిచేత కపిల తోలుట మాన్పించినది ఇదియే.

నేడు కరెంటు మోటార్లు వచ్చినవి. కరెంటు లేని దినములకై ఇంజను రేకుల క్రింద వేచియున్నది. నేను చూచినంతలో ఇది నడుచుటవలన కంటె నిలిచియుండుటవలననే ఎక్కువ చెడుచున్నది. ట్యాంకులోని తేమ నీరై అడుగున చేరును. త్రుప్పు రాలి ఫిల్టరు పూడును.

ఒక వేసవిలో నా టమాట తోట వాడుచుండగా ఇంజను పది నిమిషములు నడిచి ఆగుచుండెను. పంపు పోయినదని ఒక మెకానిక్కు చెప్పగా నమ్మి క్రొత్తది బిగించితిని. మరల పది నిమిషములకే ఆగెను! తుదకు చూడగా ట్యాంకు మూతకు గల సన్నని రంధ్రము మట్టితో మూసికొనియున్నది. గాలి లోనికి పోనిదే డీజిల్ క్రిందికి దిగదు గదా. మూత వదులు చేయగానే ఇంజను నడిచెను. అప్పటికే రెండు మళ్ల పైరు పోయినది.

కావున పంపును విప్పుటకు ముందు డీజిల్ నడచు త్రోవను పైనుండి క్రిందికి పరీక్షింపుడు. మూత చూచిన పిమ్మట ఫిల్టరుకు ముందు గొట్టము ఊడదీయుడు. ధార నిండుగా రావలెను. బొట్లుగా వచ్చిన అడ్డు ట్యాంకులోనో కుళాయిలోనో యున్నది. ఫిల్టరు దాటిన తరువాత సన్నగిలినచో ఫిల్టరే దోషి. కొంత గాజుసీసాలో పట్టి చూడుడు. నీరున్నచో అడుగున వేరుగా నిలుచును.

గొట్టము విప్పిన తరువాత గాలి తప్పక చొచ్చును. ఫిల్టరు మీది మరను, ఆపై పంపు మీది మరను వదులు చేసి, బుడగలు లేని డీజిల్ వచ్చు వరకు పోనిచ్చి బిగింపవలెను. గాలి అణగును, డీజిల్ అణగదు. గొట్టములో గాలి యున్నంతవరకు నాజిల్ తెరచుకొనదు.

ఇప్పుడు హ్యాండిల్‌ను పలుమారులు నెమ్మదిగా త్రిప్పుడు. నాజిల్ కిర్రుమనినచో డీజిల్ అందుచున్నది. స్టార్టు చేయబోగా తెల్లపొగ మాత్రమే వచ్చి ఇంజను అందుకొననిచో తప్పు వేరొకచోట, బహుశః కంప్రెషన్‌లో, వెదకవలెను. కిర్రుమననిచో అప్పుడు పంపును, నాజిల్‌ను పనితెలిసినవానికి చూపింపుడు.

నాజిల్ చిమ్మునపుడు చేయి అడ్డు పెట్టకుడు. ఆ ధార సూదివలె చర్మములోనికి దూరును. పైకి చుక్కంత గాయమే కనిపించినను వ్రేలు తీసివేయవలసి రావచ్చును. నొప్పి లేదని ఇంట కూర్చుండక ఆ క్షణమే ఆసుపత్రికి పోవలెను.

నా పాత మూతను వెంట తెచ్చితిని. రంధ్రమెచ్చట నుండునో సభానంతరము చూడవచ్చును.