వాన పడే ఆదివారం పసిబిడ్డతో ఏం చేద్దాం?

(సోలాపూర్ పూర్వ భాగంలోని నేతకార్మికుల వాడలో, తల్లుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

మన సంఘం వాళ్ళతో పాటు, సంఘానికి రాని పక్కింటి అక్కలు కూడా ఇవాళ వచ్చి కూర్చున్నారు. చాలా సంతోషం. ఈరోజు మాట్లాడే విషయం అందరి ఇళ్ళలోనూ ఉన్నదే.

ఏడాది నిండి మూడేళ్ళు నిండని బిడ్డ గురించి మాట్లాడుకుందాం. నడక వచ్చింది, భయం ఇంకా రాలేదు. చేతికి ఏది అందితే అది నోట్లోకి పోతుంది. ఆ బిడ్డతో ముసురు పట్టిన శని, ఆదివారాలు ఎలా గడపాలి? అదీ చేతిలో పైసా లేకుండా?

మన ఊరిది ఎండ ఎక్కువ, వాన తక్కువ. కానీ భాద్రపదంలో ముసురు పట్టిందంటే రెండు రోజులు తలుపు తీయలేం. సందులో బురద, పొంగిన మోరీ. మళ్ళీ ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటిన ఎండ. అప్పుడూ అదే తలుపు మూత పడుతుంది. కాబట్టి వానకు చెప్పే మాట ఎండకూ పనికొస్తుంది.

తలుపు మూస్తే లోపల ఏముంది? చాలా ఇళ్ళలో ఒకటే గది. ఒక మూల పొయ్యి, ఒక పక్క మంచం, మధ్యలో బీడీల చాట. గోడ అవతల మాగాల చప్పుడు. ఆ గదిలో బిడ్డ అటూ ఇటూ పరుగెడితే చాట తన్నుకుంటుంది, ఆకు చెల్లాచెదురవుతుంది. అప్పుడు మనం చేసే పనులు మూడు. ఫోన్ చేతికిస్తాం. లేదా ఊయలలో వేసి ఊపుతాం, నిద్ర రాకపోయినా. లేదా ఎనిమిదేళ్ళ అక్క చంకకెక్కిస్తాం.

ఎవరినీ తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. చేతులు రెండే ఉన్నప్పుడు ఎవరైనా అదే చేస్తారు. కానీ బిడ్డకు ఏం కావాలో కూడా తెలుసుకుందాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అయిదేళ్ళలోపు పిల్లల కోసం ఒక మార్గదర్శకం ఇచ్చింది. ఏడాది దాటిన బిడ్డ రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు, అంటే మూడు గంటలు, ఒళ్ళు కదిలించాలని చెప్పింది. ఏడాది బిడ్డకు ఫోన్, టీవీ అసలే వద్దంది. రెండేళ్ళు నిండాక కూడా గంటకు మించవద్దు, ఎంత తగ్గితే అంత మేలు అంది. మూడు గంటలు అంటే భయపడకండి. ఒకేసారి కాదు. పది నిమిషాలు ఇక్కడ, పావుగంట అక్కడ, కలిపితే అవుతుంది.

ఇక ఆటల దగ్గరికి వద్దాం. బజారుకు పోనక్కర లేదు. సోలాపూర్ దేశానికంతటికీ చద్దర్లు, టర్కీ టవళ్ళు నేసి పంపే ఊరు. ఆ గుడ్డే మన బొమ్మల పెట్టె.

మొదటిది, చద్దర్ బండి. పాత చద్దర్ షాబాదు బండల మీద పరవండి. బిడ్డను మధ్యలో కూర్చోబెట్టి రెండు కొసలు పట్టి మెల్లగా లాగండి. గోడకు దూరంగా, నెమ్మదిగా. రెండు నిమిషాల తర్వాత బిడ్డను దింపి, చద్దర్ మీద దిండు పెట్టి, ‘ఇప్పుడు నువ్వు లాగు’ అనండి. బిడ్డ బలమంతా పెట్టి లాగుతుంది. ఒంటికి అంతకన్నా మంచి కసరత్తు లేదు.

రెండవది, చద్దర్ గుడిసె. అదే చద్దర్‌ను మంచం మీది నుంచి కిందికి వేలాడేస్తే మంచం కింద ఇల్లు తయారు. లోపలికి పాకడం, బయటికి తొంగి చూడడం, మళ్ళీ దాక్కోవడం. కనబడని అమ్మ మళ్ళీ కనబడుతుందని బిడ్డ నేర్చుకునేది ఈ దాగుడుమూతల్లోనే. మనం పనికి పోయినప్పుడు తిరిగి వస్తామన్న నమ్మకం కూడా అక్కడే మొదలవుతుంది.

మూడవది, పువ్వు ఎక్కడ? మన చద్దర్ మీద పువ్వులు, నెమళ్ళు, గళ్ళు ఉంటాయి. ‘నెమలి ఎక్కడుంది, దాని మీద కాలు పెట్టు’ అనండి. ‘ఎర్ర గడి మీదికి దూకు’ అనండి. ఏడాదిన్నర బిడ్డ వేలితో చూపిస్తుంది. రెండున్నరేళ్ళ బిడ్డ దూకుతుంది. మీ చేతులు నేసిన దాని మీదే మీ బిడ్డ రంగులు నేర్చుకుంటుంది.

నాల్గవది, గుడ్డ బంతి. టవల్ చింపులను ఉతికి ఆరబెట్టి, ఉండలా చుట్టి, పైన ఇంకో గుడ్డతో గట్టిగా కుట్టేయండి. గోడకు కొట్టినా, తలకు తగిలినా దెబ్బ లేదు. ఖాళీ అట్టకోన్లు దొరికితే అయిదారు వరుసగా నిలబెట్టి ఆ బంతితో పడగొట్టమనండి. కోన్ల మీద నూలు ఒక్క పోగు కూడా మిగలకుండా తీసేయాలి. పోగు వేలికో, మెడకో చుట్టుకుంటే ప్రమాదం.

అయిదవది, నీళ్ళ ఆట. మనది రోజూ నల్లా రాని ఊరు, నీళ్ళు పారబోయలేం. అందుకే వెడల్పు పళ్ళెంలో రెండు చెంబుల నీళ్ళు చాలు. ఒక టవల్ ముక్క, రెండు గిన్నెలు. ముక్కను ముంచి, పక్క గిన్నెలో పిండడం. ఆ వేళ్ళకు వచ్చే బలమే రేపు పలక బలపం పట్టిస్తుంది. ఆట అయ్యాక అదే నీళ్ళతో ఇల్లు తుడుచుకోండి. మే నెల మధ్యాహ్నాలకు ఇది మరీ మంచిది. బిడ్డ పక్కన మనిషి లేకుండా మాత్రం వద్దు.

ఆరవది, పిండి ఆట. రొట్టెలు చేసేటప్పుడు జొన్నపిండి ముద్ద నిమ్మకాయంత ఇవ్వండి. తట్టనివ్వండి, పొడవనివ్వండి. నోట్లో పెట్టుకున్నా రంగులు, మందులు లేవు. రెండేళ్ళ బిడ్డకు అమ్మ చేసే పని చేయడమే పెద్ద ఆట. ఉల్లిగడ్డలు ఒక గిన్నెలో, ఆలుగడ్డలు ఒక గిన్నెలో వేయమనండి. ఉతికిన టవల్ మడత పెట్టమనండి. మడత వంకరగా వస్తుంది, సరిచేయకండి.

ఏడవది, మాట, పాట. మాగాల చప్పుడులో పెరిగే బిడ్డకు మన మాట సరిగ్గా చెవిన పడదు. కాబట్టి ఒళ్ళో ఎదురుగా కూర్చోబెట్టుకుని, మన ముఖం చూస్తుండగా మాట్లాడాలి. చెమ్మచెక్క ఆడించండి. అవ్వ ఉంటే ఆమె వీపు మీద గుర్రం ఎక్కించండి. వీధిలో మరాఠీ, బడిలో మరాఠీ, దుకాణంలో హిందీ. మన తెలుగు ఒడిలోనే నిలబడాలి. గడప దగ్గర కూర్చుని చూరు నీళ్ళ కింద లోటా పట్టి, ‘వాన, చినుకు, బుడగ, కప్ప’ అని ఒక్కొక్క మాటా చెబితే, ముసురు కూడా ఒక పాఠమే.

ఒక కిటుకు. ఈ వస్తువులన్నీ ఒకేసారి ముందర పోయకండి. మూడు సంచుల్లో వేసి దండేనికి కట్టండి. పొద్దున ఒకటి, మధ్యాహ్నం నిద్ర లేచాక ఒకటి, రేపటికి ఒకటి. పసిబిడ్డ ఒక ఆటలో అయిదు పది నిమిషాలే ఉంటుంది. అది మొండితనం కాదు, వయసు. రేపు అదే సంచి తీస్తే మళ్ళీ కొత్తగా కనిపిస్తుంది.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. చింతగింజలు, పల్లీలు, శనగలు, గుండీలు ఈ వయసు బిడ్డకు ఆట వస్తువులు కావు, గొంతులో అడ్డం పడతాయి. నీళ్ళ బకెట్టు మూత లేకుండా ఉంచవద్దు. జానెడు నీళ్ళు చాలు, తలకిందులైన బిడ్డ తనంతట లేవలేదు. కత్తెర, తంబాకు ఉన్న చాటను బిడ్డకు అందని ఎత్తున పెట్టండి. తంబాకు పొడి బిడ్డకు విషం. బిడ్డను ఎత్తుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. ఒళ్ళో పరచుకున్న గుడ్డ తీసి దూరంగా పెట్టండి. బిడ్డ ఆడేచోట బీడీలు చుట్టవద్దు అని నేను సులువుగా అనేయగలను. ఒకటే గది ఉన్నప్పుడు ఆ మాట ఎలా నిలబడుతుందని మీరడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనది. అక్కడికే వస్తున్నాను.

ఇప్పటిదాకా చెప్పిన ఆటలకు ఖర్చు లేదన్నాను. నిజంగా లేదా? బీడీ కూలి వెయ్యి లెక్కన. చుట్టని బీడీకి కూలి లేదు. అరగంట చద్దర్ బండి లాగితే ఆ అరగంట కట్టలు తగ్గుతాయి. తండ్రికి మాగం మీద నేసినంతకే కూలి. ఉన్నవాళ్ళ ఇంట్లో ఆటకు బొమ్మ ఖరీదు అవుతుంది. మన ఇంట్లో ఆటకు అమ్మ కూలి ఖరీదు అవుతుంది. ‘పేద తల్లులకు పిల్లలతో ఆడుకోవడం తెలియదు’ అనేవాళ్ళకు ఈ లెక్క చూపించాలి. తెలియక కాదు. గంట లేక, గది లేక.

ఈ లోటును ఇప్పుడు ఎవరు భరిస్తున్నారు? ఆ ఎనిమిదేళ్ళ అక్క. ఆదివారం తనకూ సెలవే. తనూ ఆడుకోవాల్సిన పిల్లే. చంకలో తమ్ముణ్ణి పెట్టుకుని వాన చూస్తూ నిలబడుతుంది. బాలల హక్కుల ఒడంబడికను ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించింది, మన దేశం 1992లో అందులో చేరింది. దాని 31వ అధికరణం విశ్రాంతి, ఆట ప్రతి బిడ్డ హక్కు అంటుంది. ఆ హక్కు తమ్ముడికీ ఉంది, అక్కకూ ఉంది.

మన గ్రంథం ఏమంటుంది? జెకర్యా ప్రవక్త 8వ అధ్యాయం తీసి చదవండి. పాడైపోయిన యెరూషలేమును దేవుడు మళ్ళీ బాగుచేసినప్పుడు ఎలా ఉంటుందో అక్కడ చెప్పాడు. కోటల గురించి కాదు. కర్ర పట్టుకున్న ముసలివాళ్ళు వీధుల్లో కూర్చుంటారు, ఆడపిల్లలు, మగపిల్లలు ఆ వీధుల నిండా ఆడుకుంటారు. దేవుడు ఊరి క్షేమాన్ని పిల్లల ఆటతో కొలిచాడు. ఆడపిల్లలను విడిగా పేరెత్తి చెప్పాడు, గమనించండి. మార్కు సువార్త 10వ అధ్యాయంలో తల్లులు, తండ్రులు పసిబిడ్డలను తెస్తే శిష్యులు అడ్డం పడ్డారు. యేసు కోపపడింది బిడ్డల మీద కాదు, శిష్యుల మీద. ఆరాధనలో బిడ్డ ఏడిస్తే తల్లి వైపు చురుక్కున చూసే మనం ఆ శిష్యుల వరుసలో ఉన్నామేమో చూసుకోవాలి.

చట్టం సంగతి కూడా తెలియాలి. 1948 ఫ్యాక్టరీల చట్టం, 1976 సవరణ తర్వాత, 30 మందికి మించి స్త్రీలు పనిచేసే ఫ్యాక్టరీలో వాళ్ళ పిల్లలకు గది ఉండాలన్నది. 1966 బీడీ కార్మికుల చట్టం కూడా కార్ఖానాలో శిశుసంరక్షణ గది సంగతి చెప్పింది. కానీ బీడీ చుట్టేది ఇంట్లో. గడప లోపల ఒక్కతే కూర్చున్న తల్లి ఆ సంఖ్యల్లోకి రాదు. అంగన్‌వాడీలు 1975 అక్టోబరు 2న మొదలయ్యాయి. అక్కడ ఆటపాటల బడి మూడేళ్ళు నిండిన పిల్లలకు. మూడేళ్ళలోపు వాళ్ళకు తిండి, తూకం, టీకాల సాయం ఉంది, రోజంతా కూర్చోబెట్టుకునే చోటు సాధారణంగా లేదు. మనం మాట్లాడుకుంటున్న బిడ్డ సరిగ్గా ఈ సందులో పడిపోతోంది.

దీన్ని పూడ్చినవాళ్ళు ఉన్నారు. 1969లో ఢిల్లీలో మీరా మహదేవన్ కట్టడం పని జరిగే చోటే కూలీల పిల్లలకు శిశుకేంద్రం పెట్టారు. మొబైల్ క్రెష్ సంస్థ అలా పుట్టింది. అహ్మదాబాద్‌లో ‘సేవా’ సంఘం స్త్రీలు పిల్లల సంరక్షణకే సహకార సంఘం పెట్టుకున్నారు. వాళ్ళలో బీడీ కార్మికులూ ఉన్నారు. అంత దూరం ఎందుకు? మన ఊళ్ళోనే బీడీ స్త్రీలు సంఘం కట్టి పోరాడి గోదూతాయి పరులేకర్ వసాహత్‌లో 10,000 ఇళ్ళు సాధించుకున్నారు. 30,000 ఇళ్ళ రాయ్‌నగర్‌లో 15,000 ఇళ్ళు 2024 జనవరి 19న అప్పగించారు. ఇల్లు అడిగి తెచ్చుకున్న ఊరు, పిల్లలకు ఒక గది అడగలేదా?

కాబట్టి ఈ కూడిక ముందు మూడు మాటలు పెడుతున్నాను. ఒకటి, ఈ ప్రార్థన మందిరం వారమంతా తాళం వేసి ఉంటోంది. ముసురు పట్టిన శనివారం, ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా తెరుద్దాం. చద్దర్లు పరుద్దాం. ఏ ఇంటి బిడ్డయినా రావచ్చు, మతం అడగం, బాప్తిస్మం అడగం. రెండు, అయిదు ఇళ్ళు ఒక జట్టు. ఒక్కో వారం ఇద్దరు పెద్దవాళ్ళు పిల్లలను చూస్తారు. వాళ్ళు పోగొట్టుకున్న మూడు గంటల కూలిని సంఘం కానుకల్లోంచి ఇద్దాం. అది దానం కాదు, పని చేసినందుకు కూలి. మూడు, ఆ ఇద్దరిలో ఒకరు తప్పకుండా మగవాళ్ళు కావాలి. తలుపు దగ్గర నిలబడ్డ అన్నలారా, చద్దర్ బండి లాగడానికి మీకన్నా మంచి చేతులు ఎవరివి?

అక్కలు కూడా వస్తారు. తమ్ముణ్ణి ఎత్తుకుని కాపలా కాయడానికి కాదు. వాళ్ళ కోసం తొక్కుడుబిళ్ళ గీతలు మందిరం వసారాలో గీద్దాం.

కూడిక అయ్యాక పేర్లు రాసుకోవడానికి ఇక్కడ పుస్తకం పెట్టాం. మొదటి శనివారానికి ఇద్దరు కావాలి. ప్రభువు మీ చేతుల పనిని, మీ బిడ్డల ఆటను దీవించును గాక.